ఇద్దరి మాట

కేసు చేతికొచ్చిన పొద్దున దేవేందర్ దగ్గరున్న సరుకు ఇంతే: ఒక ఫోటో, ఒక మాట, ఒక ఆడపిల్ల కోపం.

మిర్యాలగూడ మార్కెట్లో చాలాకాలం బెల్లం, బియ్యం కమీషన్ వ్యాపారం చేసిన మనిషి ఆయన. సరుకులో కల్తీ పట్టడం కంటే మనుషుల్లో కల్తీ పట్టడమే తనకు బాగా గిట్టుబాటవుతుందని తేల్చుకుని, దుకాణం ఎత్తేసి సూర్యాపేటలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. ఆయన దగ్గర పనిచేసే ప్రత్యూషది కోదాడ. లా చదివింది. చదువులో నేర్చుకున్నదాని కంటే ఈ మనిషి పక్కన కుర్చీ వేసుకుని నేర్చుకున్నదే ఎక్కువని ఇంట్లో అందరితో చెప్పుకుంటుంది.

ఆ పొద్దున వచ్చిన పిల్ల పేరు అఖిల. కూర్చోమంటే కూర్చోలేదు. పేపర్లో పడ్డ ఫోటోను బల్ల మీద కొట్టి పెట్టింది.

"మా నాయినను, చిన్నాయినను తాగుబోతులని రాసిన్రు సార్. మా నాయిన చర్చిల ఒట్టేసిండు. నేను పుట్టినప్పటిసంది మందు ముట్టలే. గిట్ల రాసినోని చెయ్యి విరగ!"

"ఆ చెయ్యి సంగతి తర్వాత చూద్దాం బిడ్డా. ముందు పడవ సంగతి చెప్పు" అన్నాడు దేవేందర్.

మఠంపల్లి అవతల, కృష్ణకు తెలంగాణ ఒడ్డున గుండ్ల రేవు. ఎండాకాలం అక్కడ బండరాళ్లు తేలతాయి. వానలు పడి, దిగువ ప్రాజెక్టు నిండి, నీళ్లు వెనక్కి తన్నాయంటే రేవు సముద్రంలా అవుతుంది. అప్పటినుంచి ఉగాది దాకా అఖిల తండ్రి సాంసన్, ఆయన తమ్ముడు సాగర్ పడవ నడుపుతారు. నడిచి వచ్చేవాళ్లకు, సైకిళ్లవాళ్లకు మాత్రమే ఆ పడవ. మోటారు బండి ఎక్కించకూడదని పంచాయతీ పెట్టిన కట్టుబాటు. కూలికి పోయే ఆడవాళ్లు, బడిపిల్లలు, సున్నపురాయి గనుల్లో పనిచేసేవాళ్లు దాని మీదే అటూ ఇటూ తిరుగుతారు. వంతెన మీదుగా చుట్టి రావాలంటే వాళ్ల పొద్దంతా రోడ్డు మీదే గడిచిపోతుంది.

సోమవారం పొద్దున ఆ పడవ ఆంధ్రా ఒడ్డు నుంచి తిరిగి వస్తూ నడి ఏట్లో మునిగింది. అడుగున బిరడా ఊడిపోయింది. ఆ ఒడ్డున కొత్తగా లాంచీ కొన్న ప్రవీణ్ అనే ఆయన గబగబా వచ్చి అందర్నీ బయటికి లాగాడు. నాగమణి ఒక్కతి దక్కలేదు. వరినాట్లకు గరిడేపల్లి వైపు వచ్చే కూలిమనిషి. బడిపిల్ల ఒకతి సైకిళ్ల కింద ఇరుక్కుంటే దాన్ని పైకి తోసి, తాను అదే సైకిళ్ల తాడులో చిక్కుకుంది.

"మరి మీ నాయిన మీద కేసెందుకు?" అని అడిగింది ప్రత్యూష.

"జానయ్య తాత మాట పట్టుకొని. పడవల నీళ్లు తోడే ముసలాయన. బయటికి తీసినంక ఏదో అని సోయి తప్పిండు. ఇప్పుడు గీడ సూర్యాపేట దవాఖానల్నే ఉన్నడు, కండ్లు తెరుస్తలేడు. ఆ మాటను ఎస్సై రాసుకున్నడు: ఇద్దరు, వాళ్లే చేసిన్రు అని. పడవ నడిపేది ఇద్దరే గదా అని మావోళ్లను పట్టుకపోయిన్రు. రేపోమాపో జైలుకు పంపుతరంట. ఊళ్లె మా ఇంటి మీద రాళ్లేసిన్రు సార్. మా నాయిన పడవెక్కి ఇన్నేండ్లు తిరిగినోళ్లే ఏసిన్రు."

దేవేందర్ ఫోటో తీసుకుని వెలుగులో పట్టి చూశాడు. లాంచీ అంచున వంగి ప్రవీణ్ ఒక ముసలాయన్ని పైకి లాగుతున్నాడు. లాంచీ పక్కన బాగా ఉబ్బిన లారీ ట్యూబులు వరసగా వేలాడుతున్నాయి. వాటిని పట్టుకుని మనుషులు తేలుతున్నారు.

"మంచి ఏర్పాటు" అన్నాడు. ఆయన గొంతులో మెచ్చుకోలు లేదని ప్రత్యూషకు అనిపించింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

*

పడవను ఈ ఒడ్డుకే లాగి పెట్టారు. పక్కన నీళ్లలోంచి తీసిన సైకిళ్ల కుప్ప. అందులో ఒకదాని హ్యాండిల్‌కు సద్దిగిన్నె ఇంకా వేలాడుతోంది. అది నాగమణిదని అఖిల చెప్పింది.

దేవేందర్ పడవ ముక్కు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎండాకాలం పడవ ఒడ్డున ఉన్నప్పుడు వాన నీళ్లు పోవడానికి అడుగున ఒక బెజ్జం ఉంటుంది. కాలం మొదలవగానే చెక్క బిరడాకు గుడ్డ చుట్టి, తారు పూసి, అందులో కొట్టి బిగిస్తారు. ఇప్పుడు ఆ బెజ్జం ఖాళీ. అంచున తారు పెచ్చు ఒకటి మిగిలింది. పడవంతా ఎండి పొడిగా ఉంది గాని, ఆ పెచ్చు చుట్టూ మాత్రం చీమలు బారు కట్టాయి.

"సార్, చీమలు" అంది ప్రత్యూష.

"చూసిన." ఆయన ఆ పెచ్చును మెల్లగా ఊడదీసి, వాసన చూసి, రుమాలులో కట్టుకున్నాడు. "ఒడ్డున ఆపినప్పుడు ముక్కు ఇసుక మీదికి లాగుతరా అఖిలా?"

"లాగుతరు సార్. లేకుంటే సైకిళ్లు ఎక్కియ్యరాదు."

"అంటే అప్పుడు ఈ బెజ్జం నీళ్లకు పైన ఉంటది."

అప్పటికే ఒక ఆడమనిషి నడుం మీద చేతులు పెట్టుకుని వాళ్లనే చూస్తోంది. మణెమ్మ. ఆ రోజు పడవలో ఉన్న మనిషి. జానయ్య తల ఒళ్లో పెట్టుకుని, స్పృహ తప్పేముందు ఆయన అన్న మాట విన్నది ఆమే.

"ఇప్పుడొచ్చిన్రా అడగనీకి? ఎస్సై నా నోట్లె మాట నోట్లె ఉండంగనే రాసుకపోయిండు. నాగమణి శవం కాడ ఎవడన్న నిలవడ్డడా?" అంది.

"నేను నిలబడి వింట అక్కా. మొదటినుంచి చెప్పు" అన్నాడు దేవేందర్.

"ఏముంది చెప్పనీకి? పొద్దుగాల అద్దరికి పోయినం. నేను మా చెల్లెకు మందులిచ్చొచ్చిన. సాంసన్ అన్నదమ్ములు ఎప్పటి తీర్గ టీ తాగనీకి పోయిన్రు. తాత పడవల్నే కూసున్నడు. మల్ల అందరం ఎక్కినం. నడుమల్కి వచ్చినంక కాళ్ల కింద నీళ్లు బుస్సుమన్నయ్."

"తాత ఏమన్నడు? ఎస్సై రాసింది కాదు, నువ్వు విన్నది."

"ఇద్దరోళ్లే చేసిన్రు. ఇద్దరోళ్లే. గంతే, రెండుమార్లు అన్నడు."

ప్రత్యూష ఉలిక్కిపడింది. వాళ్ల అమ్మమ్మది ఏటి ఒడ్డు ఊరే. ఆమె నోట్లో ఆ మాట చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నదో! కారు దాకా కూడా ఆగలేకపోయింది.

"సార్! ఇద్దరి అంటే ఇద్దరు మనుషులు కాదండి. అద్దరి అంటే ఆ ఒడ్డు, ఇద్దరి అంటే ఈ ఒడ్డు. ఇద్దరోళ్లు అంటే ఈ ఒడ్డువాళ్లు! హైదరాబాదు నుంచి వచ్చిన ఎస్సైకి ఆ మాట తెలీక ఇద్దరు మనుషులని రాసేసుకున్నాడు."

"శభాష్" అన్నాడు దేవేందర్. "అయితే ఈ ఒడ్డున పడవంటే పడనోళ్లు ఎవరు?"

"భాస్కర్ పటేల్!" అంది అఖిల పళ్లు కొరుకుతూ.

*

భాస్కర్ ఇంటి ముందు రెండు లారీలు, ఒక ట్రాక్టరు నిలబడి ఉన్నాయి. ఆయన అరుగు మీద కూర్చునే మాట్లాడాడు. వీళ్లను కూర్చోమనలేదు.

"నేనే ముంచిన్నని చెప్పిందా ఆ పిల్ల? చెప్పనియ్. ఆ పడవ ముక్కిపోయిందని రెండేండ్లసంది మొత్తుకుంటున్న. జీపులు ఎక్కే బల్లకట్టు పెట్టుకుంటనని కలెక్టరుకు అర్జీ కూడ ఇచ్చిన. దాస్తనా? దాచేది ఏమున్నది?"

"సోమవారం పొద్దున ఎక్కడున్నరు?"

"వేములపల్లిల ధాన్యం కాంటా కాడ. పో, అడుగు. అడిగి వచ్చి నాకు మొఖం చూపియ్యకు."

బయటికి రాగానే ప్రత్యూష మండిపడింది. "ఎంత పొగరు సార్! మనుషుల్ని పంపి చేయించి, తను కాంటా దగ్గర నిలబడొచ్చుగా?"

"చేయించొచ్చు" అన్నాడు దేవేందర్. "అయితే ఒక లెక్క కుదురుతలేదు. పడవ మునిగింది తిరిగొచ్చేటప్పుడు. పోయేటప్పుడు బాగనే పోయింది. బిరడా ఈ ఒడ్డున ముట్టుకుంటే పోయేటప్పుడే మునగాలె గదా? నడువు. అద్దరికి పోదాం."

ఆ మాటను ఆయన పనిగట్టుకుని వాడాడని ఆమె గమనించింది.

*

వాళ్లను ఆ ఒడ్డుకు తీసుకెళ్లింది ప్రవీణ్ లాంచీయే. వేరే దారి ఇప్పుడు లేదు. రేవులో దిగగానే పెద్ద ఫ్లెక్సీ: 'ప్రాణదాత ప్రవీణ్ గారికి అభినందనలు'. దాని మీద రెండు బొమ్మలు. ఒకటి పేపర్లో వచ్చిన ఫోటోనే. రెండోది దసరాకు లాంచీని మొదటిసారి నీళ్లలోకి దించినప్పటిది. బంతిపూల దండలు, కొబ్బరికాయలు, నున్నగా మెరిసే తెల్లటి అంచులు. అఖిల ఆ ఫ్లెక్సీ వైపు చూసి కింద ఉమ్మింది.

ప్రవీణ్ మాత్రం ఎంతో మర్యాదగా కుర్చీలు వేయించాడు. "కూర్చోండి సార్, కూర్చోండమ్మా. పాపం సాంసన్ మంచోడేనండి. ఏదో పొరపాటు. మన చేతిలో ఏముంది?"

"మీరు లేకుంటే చాలామంది పోయేవాళ్లు" అన్నాడు దేవేందర్. "ఆ ట్యూబులే కాపాడినయ్."

"మా లాంచీలో ఎప్పుడూ ఉంటాయండి. కొన్న రోజు నుంచీ. ప్రాణాలతో వ్యవహారం కదా. అంతమందిలో ఒక్కరే పోయారు. అదే అదృష్టం."

దేవేందర్ చేతిలో టీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది. తాగకుండా కింద పెట్టాడు.

"పైకి తీసినోళ్లను ఎక్కడ దించిన్రు?"

"ఇక్కడే సార్, ఈ రేవులోనే. మాకిదే దగ్గర కదండీ. పోలీసులొచ్చాక అంబులెన్సులో అటు పంపించాం."

"ఇక రేవు మీకే వస్తదేమో?"

"అడుగుతున్నారండి, అందరూ. బండ్లు కూడా ఎక్కించుకోవచ్చుగా. జనం మాట కాదనలేం."

తిరిగి వచ్చేముందు దేవేందర్ రోడ్డు మీద ఉన్న పంక్చరు షాపులోకి ఒక్కడే వెళ్లాడు. తమ కారు ఆ ఒడ్డున ఉంటే ఈ ఒడ్డున పంక్చరు షాపుతో ఏం పనో ప్రత్యూషకు అర్థం కాలేదు. బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖం గట్టిపడి ఉంది. కల్తీ మనిషిని పట్టినప్పుడు ఆయనకు సంతోషం రావడం ఆమె చూసింది. ఈసారి రాలేదు.

*

మర్నాడు గుండ్ల రేవులో, ఆ పడవ పక్కనే అందరూ చేరారు. ఎస్సై సాంసన్‌నూ సాగర్‌నూ జీపులో తెచ్చాడు. సాంసన్ గడ్డం మాసిపోయింది. కూతురిని చూసి ముఖం తిప్పుకున్నాడు. చేతులకు బేడీలున్నప్పుడు కన్నబిడ్డ చూపు తట్టుకోవడం ఎవరికైనా కష్టమే. భాస్కర్ తన కుర్చీ తానే తెప్పించుకున్నాడు. ప్రవీణ్ తెల్ల చొక్కాలో అందరికీ నమస్కారాలు పెడుతూ లాంచీ దిగాడు. పంక్చరు షాపు జీవన్ కూడా అదే లాంచీలో వచ్చాడు గాని అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఊరి జనం చుట్టూ మూగారు. ఇంటి మీద రాళ్లేసినవాళ్లు కూడా అందులో ఉన్నారు.

"తొందరగా కానివ్వండి. నాకు కోర్టు పని ఉంది" అన్నాడు ఎస్సై.

"మీ కోర్టు పని తగ్గియ్యనీకే పిలిచిన సార్. మణెమ్మక్కా, జానయ్య అన్న మాట మల్లొకసారి చెప్పు."

"ఇద్దరోళ్లే చేసిన్రు."

"మీరు దీన్ని ఇద్దరు మనుషులు అనుకున్నరు" అని ఎస్సై వైపు తిరిగాడు దేవేందర్. "ఏటి ఒడ్డున అట్ల కాదు. అద్దరి ఆ ఒడ్డు, ఇద్దరి ఈ ఒడ్డు. ముసలాయన మనుషులను లెక్కపెట్టలే సార్, ఒడ్డు చెప్పిండు."

జనంలో గుసగుస లేచింది. చాలామందికి తెలిసిన మాటే. 'ఇద్దరు తాగుబోతులు' అని పోలీసులు అనగానే తెలిసిన మాట కూడా వాళ్ల చెవికి ఎక్కలేదు. తలలన్నీ భాస్కర్ వైపు తిరిగాయి.

"ఏంది సూస్తున్నరు?" అని లేచాడు భాస్కర్. "ఈ ఒడ్డువాడినైతే నేనేనా?"

"కూర్చో పటేలా" అన్నాడు దేవేందర్. "ఇద్దరి అనేది ఊరి పేరు కాదు. మాట్లాడేటోని కాళ్ల కింద ఏ ఒడ్డు ఉంటే అదే ఇద్దరి. అక్కా, ఆ మాట అన్నప్పుడు తాత ఎక్కడ పండుకొని ఉన్నడు?"

మణెమ్మ నీళ్ల వైపు తిరిగింది. చెయ్యి మెల్లగా లేచి నీళ్ల అవతలికి చూపించింది.

"గాడ. లాంచీ దించిన కాడ. ఓ దేవుడా... మరి గప్పుడు ఇద్దరంటే గదే ఒడ్డు!"

ప్రత్యూష చెవులు వేడెక్కాయి. తాను సగం దూరమే వెళ్లి ఆగిపోయింది. ఆయన ఆవలి ఒడ్డు దాకా వెళ్లి ఆ మాటను తెచ్చుకున్నాడు.

ప్రవీణ్ నవ్వాడు. "స్పృహలేని ముసలాయన మాటండి అది. మా ఒడ్డున వందల ఇళ్లున్నాయి. ఎవరని పట్టుకుంటారు?"

"నిజమే, మాటతోటి బేరం తెగదు. సరుకు చూద్దాం." దేవేందర్ ఫోటో తీశాడు. "నేను వ్యాపారం చేసినోన్ని. గిరాకీ రాకముందే ఒకడు కొట్టు నింపిండంటే నాకు అనుమానం వస్తది. ఈ ట్యూబులు చూడుండ్రి. కొన్న రోజునుంచీ లాంచీకి ఉన్నయని నిన్న ఈయన నాతోటి అన్నడు. ఈయన ఫ్లెక్సీ మీదనే దసరా నాటి బొమ్మ ఉన్నది. పూలున్నయ్, కొబ్బరికాయలున్నయ్. ట్యూబుల్లేవు. జీవన్, వీటికి గాలి ఎప్పుడు కొట్టినవ్?"

జీవన్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఆదివారం సాయంత్రం సార్. ప్రవీణ్ గారే తెచ్చారు. లారీ లేకుండా లారీ ట్యూబులెందుకన్నా అంటే, పిల్లలు ఈత నేర్చుకుంటారన్నారు."

"ఆదివారం సాయంత్రం గాలి, సోమవారం పొద్దున మునక" అన్నాడు దేవేందర్. "ఇగ ఎట్ల ముంచిండో చెప్త. అన్నదమ్ములు టీకి పోయిన్రు. పడవ ముక్కు ఇసుక మీద ఉన్నది, బెజ్జం నీళ్లకు పైన ఉన్నది. సైకిల్ కడుతున్నట్టు ఒకడు ముక్కు కాడ వంగిండు. చెక్క బిరడా పీకి, నీళ్లల్ల మెల్లగ కరిగేది ఒకటి పెట్టి, పైన తారు పూసిండు. వంగినోన్ని జానయ్య చూసిండు. ఎందుకు వంగిండో నీళ్లు వచ్చినంక గాని తెల్వలే. అది నడి ఏట్ల కరగాలె, ఈయన లాంచీ ఏసుకొని రావాలె, దేవుడైపోవాలె. తాగుబోతుల పడవ పోయి దేవుని లాంచీ రావాలె. గంతే లెక్క."

ఆయన రుమాలు విప్పి తారు పెచ్చును ఎస్సై అరచేతిలో పెట్టాడు. "ఇంకా కొంచెం దీని కింద మిగిలింది."

ప్రవీణ్ ముఖం మీద మర్యాద చెదిరిపోయింది. "ఇదంతా కట్టుకథ! మీరు చూశారా? నా ఇంట్లో దొరికిందా? బెల్లం ముద్ద పెట్టి పడవ ముంచాల్సిన ఖర్మ నాకేంటండీ?"

ప్రత్యూష చూపు ఎస్సై అరచేతిలోని తారు పెచ్చు మీదికి పోయింది. చీమలు! ఆ చీమలు దేనికి చేరాయో ఇప్పుడు తెలిసింది.

"కరిగేది అన్న" అన్నాడు దేవేందర్ నెమ్మదిగా. "ఉప్పు కావచ్చు, సున్నం కావచ్చు, మట్టి కావచ్చు. బెల్లం అని నేను అనలే. అది బెల్లమని తెలిసినోళ్లం ఇద్దరమే. సగం బతుకు బెల్లం మూటల నడుమ గడిపినోన్ని గనక వాసన పట్టి నేను, చేత్తో పెట్టి నువ్వు."

ప్రవీణ్ లాంచీ వైపు ఒక అడుగు వేశాడు. భాస్కర్ లారీ డ్రైవర్లు ముందే దారికి అడ్డం నిలబడి ఉన్నారు. మణెమ్మ చెప్పు తీసింది. ఒక దెబ్బ పడ్డాక గాని కానిస్టేబుళ్లు ఆమెను ఆపలేదు, ఆపడానికి తొందరపడనూ లేదు.

"అందర్నీ తీశాను కదండీ!" అని అరిచాడు ప్రవీణ్. "ఎవరూ చావకూడదనే కదా ట్యూబులు కట్టాను! ఒక్కరే..."

"నోర్ముయ్!"

ఆ అరుపు దేవేందర్‌ది. ఆయన దగ్గర చేరిన తర్వాత ఆ గొంతు లేవడం ప్రత్యూష వినడం ఇదే మొదటిసారి. "ఇంతమందిని నీళ్లల్ల ముంచి, ట్యూబులు కట్టిన్నని చెప్తవా? మనుషులకు తరుగు కట్టినవురా నువ్వు! బియ్యం మూటల్ల ఎలుకలకు పోయేది కట్టినట్టు!"

ఎస్సై కాసేపు తన బూట్లు చూసుకున్నాడు. తర్వాత తానే వెళ్లి సాంసన్ చేతులకున్న బేడీలు విప్పాడు. క్షమించమన్న మాట నోట్లోంచి రాలేదు. సాంసన్ కూడా దానికోసం చూడలేదు. నేరుగా పడవ దగ్గరికి వెళ్లి ఆ ఖాళీ బెజ్జంలో వేలు పెట్టి నిలబడ్డాడు.

జనంలోంచి ఒకాయన ముందుకొచ్చాడు. "సాంసనూ, ఏమనుకోకు. తెల్వక..."

"రాయి ఏసినప్పుడు తెల్వదు, పడవ ఎక్కినప్పుడు తెల్సునా?" అంది అఖిల. "రేపు మల్ల ఎక్కుతరుగా? ఎక్కుండ్రి. మా నాయిన ఎక్కిచ్చుకుంటడు. నేనైతే దించేదాన్ని."

ఆమెను ఎవరూ వారించలేదు. ఆమె తండ్రి కూడా.

*

రేవు వదిలి కారు మఠంపల్లి దారి పట్టేసరికి దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. జానయ్య కళ్లు తెరిచాడట. మొదటి మాటగా పడవ ఏమైందని అడిగాడట. ప్రత్యూష ఆ కబురు చెప్పి, అడగాలనుకున్నది అడిగేసింది.

"సార్, ప్రతి కేసు చివరా లెక్క చెబుతారుగా. ఈసారి చెప్పరా?"

దేవేందర్ కిటికీ అద్దం దించి బయటికి చూశాడు. పొలాల్లో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు వరసగా వంగి ఉన్నారు. ఆ వరసలో ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉన్నట్టు ప్రత్యూషకు అనిపించింది.

"ఫోటో పోలీసులు తీసుకున్నరు" అన్నాడు ఆయన. "మాట ఖర్చయిపోయింది. ఆ పిల్ల కోపం మాత్రం తెచ్చినంత తెచ్చినట్టే తీసుకపోయింది. దాంట్ల మనం ఒక్క రవ్వ తగ్గియ్యలే. ఉండనియ్, ఆమెకు పనికొస్తది."

"మరి లాభం?"

"ఇద్దరు. ఇంటికి పోయిన్రు."

"నష్టం..." అని ఆమె మొదలుపెట్టింది.

"ఒక్కరు" అన్నాడు దేవేందర్. "'ఒక్కరే' అని మాత్రం అనకు."